రంగంటే భయమెందుకు?

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



మీ ఇంట్లో బీరువా అడుగు అరలో ఒక రంగులపెట్టె వుందేమో ఒకసారి గుర్తు చేసుకోండి. పన్నెండు ట్యూబులు, రెండు కుంచెలు, ఒక డ్రాయింగు పుస్తకం. ఎప్పుడో ముచ్చటపడి కొన్నవి. ఇంటికి తెచ్చి, మూత తీసి, ఆ ట్యూబుల్ని ఒక్కొక్కటే చేత్తో తడిమి చూసుకుని, మళ్ళీ మూతపెట్టి భద్రంగా దాచేశాం. "పిల్లలు స్కూళ్ళకి వెళ్ళాక, కాస్త తీరిక చిక్కాక వేద్దాంలే" అనుకున్నాం. పిల్లలు స్కూలే కాదు, కాలేజీ కూడా దాటారు. తీరికా చిక్కింది. పెట్టె మాత్రం తెరుచుకోలేదు.

అసలు అడ్డు తీరిక కాదండీ, భయం. పెన్సిలుతో అయితే పూలకుండీ వేస్తాం, చిన్నికృష్ణుణ్ణి వేస్తాం, పాపాయి మొహం వేస్తాం. గీత తప్పితే రబ్బరు వుండనే వుంది. బొమ్మ ముద్దుగా కుదురుతుంది. చూసినవాళ్ళు "ఇక రంగు వెయ్యండి" అంటారు. అంతే, చెయ్యి ఆగిపోతుంది. "వద్దులెండి, రంగు వేస్తే పాడైపోతుంది, ఇలాగే బాగుంది" అంటాం. ఆ 'పాడైపోతుంది' అన్న మాట గురించే ఇవాళ మీతో మాట్లాడదామని వచ్చాను.

ముందు నా సంగతి చెబుతాను. ఎనిమిదో తరగతిలో డ్రాయింగు క్లాసులో మట్టికూజా బొమ్మ వేశాను. పెన్సిలు గీత అచ్చు కూజాలాగే వచ్చింది. రంగు వేసేసరికి అంతా బురదబురదగా తయారైంది. మాస్టారు దాన్ని పైకెత్తి క్లాసంతటికీ చూపించి, "గీత కుదిరిందమ్మా, నీ చేతికి రంగు రాదు" అన్నారు. ఆయన ఆ మాట అని మరో క్షణంలో మరిచిపోయే వుంటారు. నేను మాత్రం ఇరవై ఏళ్ళకు పైగా దాన్ని జాతకంలో రాసిపెట్టినట్టు మోశాను. చాలాకాలానికి తెలిసింది, ఆ రోజు లోపం నా చేతిలో లేదని. గ్లాసులో మురికినీళ్ళు మార్చలేదు. ఒక పూత ఆరకముందే దానిమీద ఇంకో పూత పూశాను. నీడ కోసం ప్రతి రంగులోనూ నలుపు కలిపాను. అంతే! మూడు చిన్న పొరపాట్లు. ఎవరైనా పక్కన కూర్చుని అయిదు నిమిషాలు చెబితే పోయేవి. ఆ అయిదు నిమిషాల మాటలు మీకు ఇవాళ చెబుతాను.

ఈ భయం మనకి మాత్రమే వున్నదనుకోకండి. విన్‌స్టన్ చర్చిల్ పేరు విన్నారుగా! మన స్వాతంత్ర్యానికి అడ్డం నిలిచిన మనిషని మనకి ఆయనమీద ప్రేమ వుండనక్కరలేదు కానీ, ఈ విషయంలో ఆయన అనుభవం వినదగ్గది. 1915లో, మొదటి ప్రపంచయుద్ధ సమయంలో, డార్డనెల్స్ దండయాత్ర బెడిసికొట్టి ఆయన నౌకాదళ మంత్రి పదవి పోయింది. అప్పటికి ఆయనకు నలభై ఏళ్ళు. దిగులుతో ఆ వేసవిలో పల్లెపట్టున ఒక ఇల్లు తీసుకున్నాడు. అక్కడ బొమ్మలు వేద్దామని రంగులూ, కాన్వాసూ తెప్పించుకున్నాడు. తీరా కాన్వాసు ఎదురుగా నిలబడేసరికి చెయ్యి రాలేదు. ఆకాశం నీలంగా వుంటుంది కదా అని చిన్న కుంచెతో చిక్కుడుగింజంత నీలం చుక్క ఒకటి జాగ్రత్తగా పెట్టి ఆగిపోయాడు. ఇంతలో వాకిట్లో కారు ఆగింది. దిగినావిడ హేజెల్ లేవరీ. పేరున్న చిత్రకారుడు జాన్ లేవరీ భార్య, తానూ బొమ్మలు వేసే మనిషి. "ఎందుకిలా తటపటాయిస్తున్నారు?" అని పెద్ద కుంచె ఒకటి అందుకుంది. దాన్ని టర్పెంటైనులో ముంచి, నీలం, తెలుపు దండిగా తీసుకుని, ఆ కాన్వాసుమీద ఈ చివర్నించి ఆ చివరికి బరబరా నాలుగు పూతలు పూసేసింది. కాన్వాసు తిరగబడి ఏమీ చెయ్యలేదు! అది కళ్ళారా చూశాక ఆయన భయం వదిలిపోయింది. ఆ తరవాత జీవితమంతా బొమ్మలు వేస్తూనే వున్నాడు. ఈ సంగతంతా ఆయనే తన వ్యాసంలో రాసుకున్నాడు.

యుద్ధాలు నడిపినవాడిని తెల్ల కాన్వాసు భయపెట్టింది. ఆ భయం తీర్చింది ఒక ఇల్లాలు. అది మాత్రం మనం గుర్తుంచుకుందాం.

ఇంతకీ ఆవిడ ఏం చేసింది? రంగుల శాస్త్రం బోధించలేదు. 'పాడుచేయడానికి' దాన్ని తానే ముందు పాడుచేసి చూపించింది. మనకి కష్టంగా తోచేది సరిగ్గా అదే. ఏ వస్తువూ వృధా పోనివ్వకుండా, మిగిలిన చారుని కూడా రాత్రికి దాచే చేతులు మనవి. ఖరీదుపెట్టి కొన్న కాగితాన్ని కావాలని పాడుచేయమంటే మనసొప్పుతుందా? కానీ ఒక్కటి ఆలోచించండి. మొదటిసారి దోసె పోసినప్పుడు పెనానికి అంటుకుపోలేదూ? మొదటి ముగ్గు వంకరపోలేదూ? అప్పుడు "నా చేతికి దోసె రాదు" అని పెనం అటకమీద పెట్టేశామా? బొమ్మకూ అంతే.

ఇంకోమాట. రంగు మనకు తెలియదనుకోవడం వట్టి అపోహ. చీరకి మ్యాచింగ్ జాకెట్టు ముక్క కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? షాపులో ట్యూబులైటు కింద చూసి ఊరుకోం. చీరా, ముక్కా రెండూ పట్టుకుని గుమ్మం దగ్గరికి, పగటి వెలుతురులోకి వెళతాం. "ఇది మెరూనే కానీ కాస్త ఇటిక రంగు కొడుతోంది, ఇంకోటి చూపించండి" అంటాం. షాపువాడికి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి, మనకి కనిపించవు. పోపులో ఆవాలు చిటపటలాడాక మినప్పప్పు ఏ రంగుకి వచ్చినప్పుడు దించాలో, మైసూరుపాకు ఏ రంగు దగ్గర పళ్ళెంలో పోయాలో చెప్పే కన్ను మనది. ఆ కన్ను ఇన్నాళ్ళూ పనిచేస్తూనే వుంది. దానికి కుంచె పట్టుకున్న చెయ్యి జతపడాలి. అంతకన్నా కొత్తగా నేర్చుకోవలసింది ఎక్కువ లేదు.

ఇక పనిలోకి వద్దాం.

మొట్టమొదట, పన్నెండు ట్యూబుల్లో ఎనిమిది పక్కన పెట్టేయండి. ఎక్కువ రంగులే ఎక్కువ భయానికి మూలం. ఏది తీయాలో తోచదు, అన్నీ కాస్త కాస్త తీస్తాం, అన్నీ కలిసిపోయి బురదవుతుంది. పసుపుకు లెమన్ యెల్లో, ఎరుపుకు క్రిమ్‌సన్, నీలానికి అల్ట్రామెరీన్ వుంచుకోండి. నాలుగోదిగా బర్న్‌ట్ సియన్నా, అంటే కాల్చిన ఇటికలాంటి గోధుమరంగు. ఈ నాలుగుతో ఏడాది గడపవచ్చు.

నాలుగు రంగులతో ఏం వస్తుందని సందేహమా? శ్రీకాళహస్తి కలంకారీ చూడండి. రామాయణమంతా గుడ్డమీద రాసే ఆ పనివాళ్ళు సంప్రదాయంగా వాడేవి నలుపు, ఎరుపు, పసుపు, నీలం. తుప్పుపట్టిన ఇనుముని బెల్లపునీళ్ళలో నానబెట్టి నలుపు చేస్తారు. పటికతో, వేళ్ళనుంచి తీసిన రంగుతో ఎరుపు తెస్తారు. నీలిమందుతో నీలం. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ. అంతే సరుకు! దేవతలూ, రాక్షసులూ, చెట్లూ, లేళ్ళూ అన్నీ వాటితోనే నిండుగా కనిపిస్తాయి. ఇంకో విశేషం, రంగు పాకిపోకుండా వాళ్ళు గుడ్డని ముందుగానే కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెడతారు. అంటే రంగు ముట్టుకోకముందే సగం పని అయిపోతుందన్నమాట.

మన ముందస్తు పని కూడా చూసుకుందాం. పల్చని డ్రాయింగు కాగితం తడి తగిలితే ముడతలు పడుతుంది. తప్పు మనదేమో అనుకుంటాం. కాస్త మందం కాగితమో, చేతితో తయారుచేసిన కాగితమో తీసుకుని పోస్టుకార్డంత ముక్కలుగా కోసుకోండి. చిన్న కాగితానికి భయం చిన్నదిగా వుంటుంది. రంగులు కలపడానికి పింగాణీ పళ్ళెం ఒకటి. అది మళ్ళీ వంటింట్లోకి వెళ్ళకూడదు సుమా. నీళ్ళకి రెండు గ్లాసులు. ఒకటి కుంచె కడగడానికి, రెండోది రంగులో కలపడానికి. పాత నూలు పంచె ముక్క ఒకటి. నాలుగో నంబరు కుంచె, ఎనిమిదో నంబరు కుంచె. కుంచె మొనని పెదాలతో సన్నం చేసే అలవాటు కొందరికి వుంటుంది. అది మానెయ్యాలి, రంగుల్లో ఏమేం వుంటాయో నోటికి మంచిది కాదు.

మొదటిరోజు బొమ్మ వద్దు. ఒక కాగితం తీసుకుని, పెద్ద కుంచెతో నీళ్ళలాంటి పసుపో, పల్చని గోధుమరంగో కాగితమంతా పూసేయండి. తెలుపు పోయింది. ఇక పాడుచేయడానికి ఏముంది? భయపెట్టేది ఆ తెలుపే. అది పోయాక కాగితం మన వంటబల్లలాంటిదే. ఇది ఆరాక దీనిమీదే బొమ్మ వేసుకోవచ్చు.

రెండోరోజు నించి వారంపాటు ఒక్క రంగే. బర్న్‌ట్ సియన్నా తీసుకోండి. కాగితంమీద అయిదు గళ్ళు గీయండి. మొదటి గడిలో ఏమీ వేయకుండా వదిలేయండి. చివరి గడిలో రంగు చిక్కగా నింపండి. మధ్య మూడు గళ్ళలో నీళ్ళు తగ్గిస్తూ ఒకదాన్నించి ఒకటి మెట్లు దిగుతున్నట్టు ముదురు చేసుకుంటూ రండి. మొదటిసారి మెట్లు సమంగా రావు. మూడోసారికి వస్తాయి. నీటిరంగుల్లో తెలుపు ట్యూబు పెద్దగా అక్కరలేదు; కాగితమే తెలుపు, నీళ్ళే లేతదనం. ఇంకో కిటుకు, నీటిరంగు ఆరాక కాస్త వెలిసినట్టు లేతబడుతుంది. తడిమీద చూసి "అయ్యో ముదురైపోయింది" అని కంగారుపడి కడిగేయకండి.

ఈ ముదురు లేతల సంగతి ఎందుకింత చెబుతున్నానంటే, బొమ్మ నిలబడేది వీటిమీదే. సాయంత్రం దీపాలు పెట్టకముందు మసకవెలుతురులో గదిలోకి చూడండి. కుర్చీమీద చీర ఎరుపో ఆకుపచ్చో తెలియదు. అయినా అది కుర్చీ అనీ, ఇది చీర అనీ తెలుస్తూనే వుంటుంది కదా! రంగులు మాయమైనా ముదురు లేతలు మిగిలి వున్నాయన్నమాట. పగలు చూడాలంటే కళ్ళు సగం మూసి చికిలించి చూడండి, చాలు. వారం చివర ఒక ఇత్తడిచెంబుని కిటికీ పక్కన పెట్టుకుని ఆ ఒక్క రంగుతోనే వేయండి. మెరిసేచోట కాగితం వదిలేయండి. వెలుతురు పక్క లేత, అవతలి పక్క ముదురు. ఒక్క రంగుతోనే చెంబు గుండ్రంగా లేచి కూర్చుంటుంది. అది చూసినరోజు సగం భయం పోతుంది.

రెండో వారం రంగులు కలపడం. ఇక్కడ వంటింటి సూత్రమే: ఉప్పు తక్కువైతే వేసుకోవచ్చు, ఎక్కువైతే తియ్యలేం. లేత రంగు ముందు పళ్ళెంలో తీసుకుని, ముదురు రంగుని కుంచె కొనతో కొద్దికొద్దిగా చేర్చుకోవాలి. పసుపులోకి నీలం రావాలి గాని, నీలంలోకి పసుపు కాదు. నీలంలో పసుపు కలుపుతూ కూర్చుంటే ట్యూబు ఖాళీ అవుతుంది కాని ఆకుపచ్చ తేలదు. ఇంకో చిన్న హెచ్చరిక. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి వస్తుందని మనకి తెలుసు. అది పసుపుకొమ్ముకున్న గుణం. ట్యూబులోని పసుపులో తెల్లరంగు కలిపితే లేతపసుపే వస్తుంది, ఎరుపు రాదు.

పసుపు, ఎరుపు కలిస్తే నారింజ. పసుపు, నీలం కలిస్తే ఆకుపచ్చ. ఎరుపు, నీలం కలిస్తే వంకాయరంగు. ఇది చిన్నపిల్లలకీ తెలుసు. కానీ ఆ మూడు జతల వెనక దాగిన అసలు కీలకం ఎవరూ చెప్పరు. ప్రతి రంగుకీ ఒక ఎదుటి రంగు వుంది. ఎరుపుకి ఆకుపచ్చ, నీలానికి నారింజ, పసుపుకి వంకాయరంగు. అంటే జతలో లేకుండా మిగిలిపోయిన మూడో రంగు, ఆ జతకి ఎదురన్నమాట. ఈ ఎదుటి రంగులు వియ్యాలవారిలాంటివి. పక్కపక్కన కూర్చోబెడితే ఒకరివల్ల ఒకరికి శోభ. ఒకే గదిలో పెడితే ఇద్దరి మెరుపూ పోతుంది. రెండూ సమంగా కలిపితే బూడిదో బురదో వస్తుంది. నా కూజా బురదైంది ఇందువల్లే. నారింజ పూత ఆరకముందే నీలం పులిమాను.

అయితే ఆ గుణమే మనకి ఉపకారం కూడా. రంగు మరీ గాఢంగా, కళ్ళు జిగేలుమనేట్టు వుంటే దాన్ని అణచాలంటే నలుపు కలపనక్కరలేదు. ఎదుటి రంగు ఒక్క చుక్క చాలు. ఆకుపచ్చ చిలకపచ్చగా అరుస్తోందా? కొద్దిగా ఎరుపు. నారింజ మండిపోతోందా? కొద్దిగా నీలం. ఇంగువ వేసినట్టు వేయాలి. ఉందో లేదో తెలియాలి కాని పైకి తేలకూడదు. ఇక బర్న్‌ట్ సియన్నాలో అల్ట్రామెరీన్ నీలం కలిపి చూడండి. మేఘాల బూడిదరంగు నించి నలుపు దాకా ఎన్ని ఛాయలు కావాలంటే అన్ని వస్తాయి. అందుకే నల్లట్యూబు కొనమని చెప్పలేదు.

మూడో వారం ఒక నిమ్మపండు తీసుకోండి. వంటింట్లో నించి పూర్తిగా పసుపురంగుకి పండినది ఎంచి కిటికీ దగ్గర తెల్లకాగితంమీద పెట్టండి. నిమ్మపండు పసుపు అని మనకి తెలుసు. తెలియడమే ఇక్కడ చిక్కు. తెలిసింది వేస్తాం, కనిపించింది వేయం. కాయంతా ఒకే పసుపు పూసి, నీడపక్క నలుపు కలుపుతాం. పసుపులో నలుపు కలిస్తే ఏమవుతుందో తెలుసా? నీడ రాదు, పాచిపట్టినట్టు ఆకుపచ్చ వస్తుంది! నిమ్మపండు కుళ్ళినట్టు కనిపిస్తుంది. "నా చేతికి రంగు రాదు" అనిపించే క్షణాల్లో ఇదొకటి.

ఇలా చేయండి. మెరిసేచోట చిన్న తెలుపు వదిలేసి, కాయంతా పల్చని పసుపు పూయండి. ఆరనివ్వండి. నిజంగా ఆరనివ్వాలి, చెయ్యి వెనకభాగం ఆనించి చూస్తే చల్లగా తగలకూడదు. ఈలోగా పొయ్యిమీద పప్పు చూసి రావచ్చు. తరవాత చిక్కని పసుపు, మెరుపు చుట్టూ వదిలి. మళ్ళీ ఆరాక, పసుపులో వంకాయరంగు ఒక్క చుక్క కలిపి నీడపక్క. కింద కాగితంమీద పడిన నీడని బాగా చూడండి. అది నల్లగా లేదు. పగటివెలుతురు కిటికీలోంచి వస్తుంటే ఆ నీడ కొంచెం నీలంగా, కాయకి దగ్గరగా కాస్త పసుపుపచ్చగా వుంటుంది. నీలంలో కొద్దిగా బర్న్‌ట్ సియన్నా, బోలెడు నీళ్ళు కలిపి ఆ నీడ వేయండి. నిమ్మపండు కాగితంమీద కూర్చుంటుంది. ఇంట్లోవాళ్ళు వచ్చి "ఏమిటిది, మామిడికాయా?" అని అడిగితే కోప్పడకండి. పండు జాతి తెలిసిందిగా, సంతోషించండి. రేపు ఇంకోటి వేద్దాం.

ఒక రంగు పక్కన ఇంకోటి పెడితే ఏమవుతుందనేది మరో తమాషా. ఫ్రాన్సులో షెవ్రూల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు వుండేవాడు. 1824లో ఆయన్ని ప్యారిస్‌లోని గోబెలాఁ అనే పేరుపొందిన చిత్రాల తివాసీల కార్ఖానాలో అద్దకం శాఖకు అధికారిగా వేశారు. నేతపనివాళ్ళు ఆయన దగ్గరికి ఫిర్యాదు తెచ్చారు. మీ నల్లదారంలో పస లేదు, నీలం పక్కనా వంకాయరంగు పక్కనా నేస్తే వెలవెలపోతోంది అని. ఆయన నల్లదారాన్ని ఇతరచోట్ల దారాలతో పోల్చి చూశాడు. అద్దకంలో లోపమేమీ లేదు. తప్పు దారానిది కాదు, దాని పక్కన వున్న రంగుది! పక్క రంగు మన కంటికి ఆ నలుపుని మార్చి చూపిస్తోంది. ఆయన ఆ పరిశీలనలన్నీ చేర్చి 1839లో పెద్ద పుస్తకం ప్రచురించాడు. తరవాతి కాలపు చిత్రకారులకి అది ఎంతో ఉపయోగపడింది.

మన గద్వాల చీరలు నేసేవాళ్ళకీ, వాటిని ఎంచి కట్టేవాళ్ళకీ ఈ సంగతి అనుభవంలో తెలిసినదే. ఆకుపచ్చ చీరకి ఎర్ర అంచు వేస్తే రెండూ ధగధగలాడతాయి. అదే ఎర్ర అంచుని నారింజ చీరకి వేస్తే అంత లేవదు. కాబట్టి బొమ్మలో ఒకచోట రంగు పేలవంగా వుందనిపిస్తే, వెంటనే దానిమీదే ఇంకా రంగు పులమకండి. పక్కన వున్నదాన్ని చూడండి. పక్కది కాస్త అణిస్తే ఇది దానంతటదే పైకి వస్తుంది. ఇంట్లో మనుషుల సంగతి కూడా ఇంతేనేమో!

ఆకుపచ్చ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కొత్తవాళ్ళని అన్నిటికన్నా ఏడిపించేది అదే. ట్యూబులో దొరికే ఆకుపచ్చతో చెట్టు వేస్తే ప్లాస్టిక్ చెట్టులా వుంటుంది. కూరలబుట్ట బోర్లించి చూడండి. కరివేపాకు వేరు, బీరకాయ వేరు, దొండకాయ వేరు, లేత అరటాకు వేరు, తమలపాకు వేరు. అన్నీ పచ్చే, ఏదీ ఇంకోదానిలా లేదు. ఒక మధ్యాహ్నం కూర్చుని పసుపు, నీలం, చుక్క ఎరుపు, ఈ మూడింటితోనే పది రకాల పచ్చలు కలిపి, గళ్ళలో వేసి, కింద కూర పేరు రాసుకోండి. లేత అరటాకుకి పసుపెక్కువ. కరివేపాకుకి నీలమెక్కువ, చుక్క ఎరుపు. ఆ కాగితం దాచుకోండి. అది మీ సొంత రంగుల నిఘంటువు. ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఇక తప్పుపోయినప్పటి మాట. తప్పకుండా పోతుంది, సిద్ధంగా వుందాం. తడిగా వుండగా తప్పు కనిపిస్తే పంచె ముక్కతో అద్ది తీసేయండి, రుద్దకండి. ఆరిపోయాక కనిపిస్తే శుభ్రమైన తడికుంచెతో మెల్లిగా తడిపి, గుడ్డతో అద్దితే చాలావరకు లేస్తుంది. సగం ఆరిన పూతని మాత్రం ముట్టుకోవద్దు. ఉడికే అన్నాన్ని గరిటెతో కలియబెట్టినట్టు అవుతుంది, ముద్దే. గ్లాసులో నీళ్ళు రంగుమారగానే పారబోసి కొత్తవి తెచ్చుకోండి. ఏ రంగైనా బొమ్మమీద వేసేముందు అదే కాగితం ముక్కమీద ఒకసారి వేసి, బొమ్మ పక్కన పెట్టి చూడండి. జాకెట్టు ముక్క చీర పక్కన పెట్టినట్టే. అయినా భయం వదలని వాళ్ళు పోస్టరు రంగులతో మొదలుపెట్టవచ్చు. అవి మందంగా వుంటాయి. తప్పుపోతే ఆరాక దానిమీద ఇంకో రంగు వేసి కప్పేయవచ్చు.

మంచి బొమ్మలు చూడడం కూడా అభ్యాసమే. పాత చందమామలు దాచుకున్నవాళ్ళుంటే వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రాలు ముందు పెట్టుకోండి. కథ కోసం కాదు, రంగు ఎక్కడ గాఢంగా వుంది, ఎక్కడ పల్చగా జారిపోయింది, నీడల్లో ఏ రంగు వుంది అని లెక్కపెట్టండి. రాజమండ్రి వెళ్ళినప్పుడు గోదావరి స్నానంతోబాటు దామెర్ల రామారావుగారి చిత్రశాల కూడా చూసి రండి. 1897లో పుట్టి 1925లోనే పోయిన ఆ యువకుడు మిగిల్చినవి చూస్తే, రోజులు వాయిదా వేయకూడదని మనకే అనిపిస్తుంది. ఆయన భార్య సత్యవాణిగారు కూడా చిత్రాలు వేసినావిడే.

చివరిగా ఒక మాట. ఇవన్నీ చేస్తే గొప్ప చిత్రకారిణులం అవుతామా అని అడగకండి. రోజూ వంట చేసేది పేరు కోసమా? మనం వేసే బొమ్మని చూసి ఎవరేమంటారో అనే బెంగ పక్కనపెట్టి, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఓ పావుగంట మనకోసం కేటాయించుకుందాం. ప్రతి కాగితం వెనక తారీఖు వేసి ఒక అట్టపెట్టెలో పడేయండి. బాగోలేదని ఏదీ చింపకండి. మూడు నెలల తరవాత మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే, ఎవరి మెప్పూ అక్కరలేకుండానే తెలుస్తుంది ఎంతదూరం వచ్చామో.

పోయిన ఏడు ఒక సెలవురోజున నేను మళ్ళీ మట్టికూజా వేశాను. నారింజ పూత, అది ఆరాక బర్న్‌ట్ సియన్నా, నీడలో కొద్దిగా నీలం. నలుపు లేదు. బాగానే వచ్చింది. మాస్టారికి చూపించాలనిపించింది కాని, ఆయన్ని నొప్పించడానికి కాదు. ఆ క్లాసులో నా పక్కబెంచీ మీద కూర్చుని, "ఇక ఎప్పుడూ రంగు ముట్టుకోను" అనుకున్న ఆ ఎనిమిదో తరగతి పిల్లకి చూపించాలనిపించింది. అలాంటి పిల్ల మీలోనూ ఎక్కడో వుండే వుంటుంది. పిల్లలు మన దగ్గరికి రంగువేసిన కాగితం పట్టుకొచ్చినప్పుడు కూడా ఆ పిల్లని తలుచుకుందాం. "నీకు రాదు" అనకుండా, "నీళ్ళు మార్చావా అమ్మా?" అని అడుగుదాం.

ఇవాళ మధ్యాహ్నం బీరువా తెరవండి. ట్యూబుల మూతలు బిగుసుకుపోయి వుంటే కాసేపు వేడినీళ్ళలో పెట్టండి, వస్తాయి. లోపల రంగు ఇంకా మెత్తగా వుంటే దానితోనే మొదలుపెట్టండి. గట్టిపడిపోయినదాన్ని కూడా పారేయకండి. ట్యూబు చీల్చి పళ్ళెంలో పెట్టి నీళ్ళు చిలకరిస్తే నీటిరంగు మళ్ళీ కరుగుతుంది.